స్టేషన్ బారులో పుట్టిన పాట: పశ్చిమ ఆఫ్రికా సంగీతం మీద ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకొచ్చేయండి. మధ్యమధ్యలో పాటల ముక్కలు వినిపిస్తాను, ఈ స్పీకర్లలో బేస్ వెనక్కి వెళ్లేసరికి బురదగా మారిపోతోంది, ఇందాకే చూశాను. ఈ పాటల్లో సగం పని బేస్‌లోనే ఉంటుంది. రండి రండి, మొహమాటం లేదు.

ఫ్యూజన్ అనగానే మనందరి బుర్రలో ఒక బొమ్మ ఉంది. స్టేజీ మీద ఒక పక్క వయొలిన్, మృదంగం. ఇంకో పక్క డ్రమ్స్, కీబోర్డు. వీళ్లు కాసేపు వాయిస్తారు, వాళ్లు కాసేపు వాయిస్తారు, చివర్లో అందరూ కలిసి స్పీడు పెంచేసి ధడేల్‌మని ఆపేస్తారు, మనం చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను, నాకేం పేచీ లేదు. కానీ ఇవాళ నేను చెప్పబోయే మనుషులు అలా చేయలేదు. మాలీ, గినీ, సెనెగల్, ఈ మూడు దేశాల్లో 1960 నుంచి 1980ల దాకా జరిగిన వ్యవహారం వేరు. పాత వాయిద్యం ఏ పని చేసేదో ఆ పనిని కొత్త వాయిద్యం చేత చేయించారు. చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ గిటారు, వేళ్లు చేస్తున్నది కోరా పని. ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, ఈ పని చేసినవాళ్లు ఏదో ప్రయోగం చేద్దామని కూర్చున్న మేధావులు కాదు. రాత్రి డ్యూటీ చేసిన ఉద్యోగులు. జీతాలిచ్చింది ఎవరంటారు? రైల్వేవాళ్లు, హోటళ్లవాళ్లు, ప్రభుత్వం.

ముందు కోరా ఏమిటో చూద్దాం. పెద్ద సొరకాయ బుర్రని సగానికి కోసి, మీద ఆవు తోలు బిగిస్తారు, పొడుగాటి కర్ర దూరుస్తారు. మధ్యలో నిలువుగా ఒక చెక్క వంతెన, దానికి రెండు పక్కలా గాట్లు. మొత్తం 21 తీగలు, ఎడమ చేతికి 11, కుడి చేతికి 10. ఇప్పుడైతే చేపలు పట్టే నైలాన్ దారమే వాడుతున్నారు. వాయించేది ఎన్ని వేళ్లతో అనుకుంటున్నారు? నాలుగే. రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు. మిగతా వేళ్లు వాయిద్యాన్ని పట్టుకోవడానికి. ఆ నాలుగు వేళ్లతో ఒకే మనిషి మూడు పనులు చేస్తాడు. కింద బేస్ నడుస్తుంటుంది, మధ్యలో ఒక చిన్న వరస తిరిగి తిరిగి వస్తుంటుంది, దాన్ని కుంబెంగో అంటారు, పైన జలజలమని జారే సంగతులు, వాటిని బిరిమింతింగో అంటారు. పాట పాడుతున్నంతసేపూ కుంబెంగో తిరుగుతూనే ఉంటుంది, గాయకుడు ఆగగానే బిరిమింతింగో దూకుతుంది. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి చాలు, మిగతాదంతా వీటి మీదే నడుస్తుంది.

వాయించేవాళ్లు ఎవరు? జెలీలు. ఫ్రెంచివాళ్లు గ్రియో అన్నారు. కుయాతే, ద్యాబాతే, సిసోకో, ఈ ఇంటిపేర్లు వినిపిస్తే చాలు, సంగీతం కుటుంబమని అక్కడ అందరికీ అర్థమైపోతుంది. 13వ శతాబ్దంలో మాలీ సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాత కేయిటా దగ్గర్నుంచి, ఏ రాజుకి ఎవరు కొడుకు, ఎవరు ఎవర్ని గెలిచారు, ఎవరు మాట తప్పారు, అంతా వీళ్ల నోట్లోనే ఉంటుంది. మన దగ్గర ఇళ్లకొచ్చి గోత్రాలూ వంశాలూ చెప్పే భట్రాజులు, పిచ్చుకగుంట్లవాళ్లు ఉండేవాళ్లు చూడండి, ఇంచుమించు ఆ తరహా. పొగడటం వృత్తి, గుర్తుపెట్టుకోవడం వృత్తి, పుచ్చుకోవడం హక్కు. రాచవంశం వాళ్లు పాడించుకోవాలి, పాడకూడదు. ఈ నియమం తర్వాత మనకి అవసరమవుతుంది.

సరే, ఇప్పుడు క్యూబా కథ. క్యూబాకీ వీళ్లకీ ఏమిటి సంబంధం అంటారా? హెచ్‌ఎంవీ కంపెనీ 1933 నుంచి జీవీ అనే సిరీస్‌లో క్యూబా పాటల 78 ఆర్‌పీఎం రికార్డులు ఆఫ్రికా రేవుల్లో అమ్మింది. అవి ఎగబడి కొన్నారు. ఎందుకు కొన్నారంటే, బానిసల ఓడల్లో ఆఫ్రికా నుంచి పోయిన లయలు అటు తిరిగి, స్పానిష్ గిటారూ ట్రంపెట్టూ తగిలించుకుని, రికార్డుల రూపంలో ఇంటికొచ్చాయి. వినగానే కాలు ఆడింది. 50ల్లో, 60ల్లో సెనెగల్ రాజధాని డకార్‌లో, గినీ రాజధాని కొనాక్రీలో, మాలీ రాజధాని బమాకోలో డాన్స్ బ్యాండ్లన్నీ క్యూబా పాటలే వాయించేవి. గాయకులు స్పానిష్‌లో పాడేవాళ్లు, స్పానిష్ రాకుండానే. అర్థం తెలియకుండా అక్షరాల చప్పుడు పట్టుకుని పాడేయడమే. నవ్వకండి, మనం ఇంగ్లీషు పాటలు మొదట్లో ఎలా పాడామో మనకి తెలియదా?

ఇక్కడే గినీ వస్తుంది. 1958లో ఫ్రాన్స్ అధ్యక్షుడు కాబోతున్న ద గాల్ తన వలసలన్నిటికీ ఒక ప్రశ్న వేశాడు, మాతో సంఘంలో ఉంటారా లేదా అని. ఉండం అన్నది గినీ ఒక్కటే. అక్టోబర్ 2న స్వతంత్రం వచ్చింది, ఫ్రెంచివాళ్లు కోపంగా సర్దుకుని వెళ్లిపోయారు. అధ్యక్షుడైన సెకూ తూరే సంగీతం మీద ఒక నిర్ణయం తీసుకున్నాడు. పాత డాన్స్ బ్యాండ్లు రద్దు. ఫ్రెంచి పాటలు, దిగుమతి మోజు ఇక చాలు. ఊళ్లకి వెళ్లండి, మీ తాతల పాటలు నేర్చుకోండి, వాటిని గిటార్ల మీద, శాక్సఫోన్ల మీద వాయించండి. వాయిద్యాలు ప్రభుత్వమే ఇస్తుంది. ప్రతి ప్రాంతానికీ ఒక ఆర్కెస్ట్రా, మధ్యమధ్యలో పోటీలు, గెలిచినవాళ్లకి జాతీయ ఆర్కెస్ట్రా హోదా, రికార్డులు వేయడానికి సిలిఫోన్ అని ప్రభుత్వ కంపెనీ. అప్పట్లో ప్రపంచంలో ఇంకే చిన్న దేశం పాట మీద ఇంత డబ్బు, ఇంత పట్టుదల పెట్టిందో నాకైతే గుర్తుకు రావడం లేదు.

బెంబేయా జాజ్ అలా వచ్చిన బ్యాండే. బేలా అని గినీ మూలనున్న అడవి ప్రాంతపు ఊరు, అక్కడ 1961లో మొదలై 1966 కల్లా జాతీయ ఆర్కెస్ట్రా అయిపోయింది. వాళ్ల గిటారిస్టు సెకూ ద్యాబాతే, ఇంటిపేరు విన్నారుగా, జెలి కుటుంబం. వజ్రాల వేళ్లు అని బిరుదిచ్చారు. ఒక ముక్క వినండి. … విన్నారా? కింద ఇంకో గిటారు ఒకే వరసని తిప్పుతూ ఉంది, అదే కుంబెంగో. పైన ఈయన జారుతున్నాడు చూశారా, తీగ మీద పై నుంచి కిందికి, ఒక్కో స్వరాన్నీ రెండుసార్లు, మూడుసార్లు ముట్టుకుంటూ. బాలాఫోన్ అని చెక్క పలకల వాయిద్యం ఉంది, దాన్ని వాయించేవాడు రెండు కర్రలతో ఆ పలకల మీద చేసే పని అది. వెనక ట్రంపెట్లు మాత్రం అచ్చంగా క్యూబా. పోట్లాట లేదు. ఎవరి చోటు వాళ్లది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సెకూ తూరేని నేను మరీ ఎత్తేస్తున్నానేమో అని మీలో కొందరికి అనిపిస్తుంది. అదే ప్రభుత్వం కొనాక్రీలో కాంప్ బ్వారో అనే జైలు నడిపింది, వేలమంది అక్కడ చనిపోయారు. గినీ నాట్యాన్నీ డప్పునీ ప్రపంచం అంతా తిప్పి చూపించిన కేయిటా ఫోదేబా ఉన్నాడే, బాలే ఆఫ్రికెన్ అనే నాట్యబృందం స్థాపకుడు, ఆ ప్రభుత్వంలోనే మంత్రి, ఆయన్ని 1969లో అక్కడే చంపేశారు. బ్యాండ్లు ఏం పాడేవి? పార్టీని, అధ్యక్షుణ్ని పొగిడేవి. జెలి వృత్తి పొగడటమేగా, పోషకుడు మారాడంతే. ఈ పాటలు ఎంత హాయిగా ఉన్నా, ఆ హాయికి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకుని వినాలనే నేనంటాను. వినడం మానేయమని అనను, నేనూ మానలేదు.

మాలీకి పోదాం. డకార్ నుంచి బమాకోకి ఒక రైలు మార్గం ఉంది, డకార్-నైజర్ లైను, ఫ్రెంచివాళ్లు వేసింది. బమాకో స్టేషన్ పక్కనే ఒక హోటలు, ప్రయాణికులు దిగి తినే చోటు, తాగే చోటు. 1970లో మాలీ రైల్వే ఆ హోటలు కోసం ఒక బ్యాండు పెట్టింది. పేరేం పెట్టారంటే, రైల్ బ్యాండ్. అంతే, ఆలోచన ఖర్చు లేదు! రైలు దిగినవాళ్లు, ఊళ్లోవాళ్లు, ఆఫీసర్లు, అందరూ ఒకే బారులో. వీళ్లందరి చేతా డాన్స్ చేయించాలి. ఒకడికి క్యూబా రుంబా కావాలి, ఒకడికి ఫ్రెంచి పాట కావాలి, ఒకడికి అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాట కావాలి, అర్ధరాత్రి దాటాక ఒక పెద్దాయనకి తన వంశం పాట కావాలి. అన్నీ అదే పదిమంది వాయించాలి, మర్నాడు మళ్లీ వాయించాలి. కలిసిపోవడం అనేది అక్కడ జరిగింది. రోజూ అదే చేతులు అన్ని రకాలూ వాయిస్తుంటే, ఒకదాని అలవాటు ఇంకోదాంట్లోకి రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

బ్యాండు మొదలైన ఏడాదే అందులోకి వచ్చిన కుర్రాడు సలీఫ్ కేయిటా. ఇంటిపేరు చూడండి, సుంజాత వంశం. పాడకూడని వంశం! పైగా ఆల్బినో, ఒంటికి రంగు లేకుండా పుట్టినవాడు, అక్కడ అలాంటివాళ్లని అపశకునంగా చూసేవాళ్లు. టీచరు కావాలనుకున్నాడు, చూపు సరిగా లేదని ఉద్యోగం రాలేదు. బార్లలో పాడటం మొదలుపెట్టాడు. కేయిటా ఇంటి పిల్లవాడు బార్లో పాడుతున్నాడంటే ఇంట్లోవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఆ గొంతు విన్నవాళ్లు మాత్రం ఇవన్నీ మర్చిపోయారు. 1973లో ఆయన రైల్ బ్యాండ్ వదిలేసి ఎదుటి బ్యాండు అంబాసదర్‌లోకి వెళ్లిపోయాడు, ఊళ్లో రెండు పార్టీలు అయిపోయాయి. రైల్ బ్యాండ్‌లో ఆ చోట్లోకి వచ్చింది గినీ కుర్రాడు మోరీ కాంటే, ఈయన అచ్చమైన జెలి. ఆయన వచ్చాక రైల్ బ్యాండ్ సుంజాత కథని ఇరవై నిమిషాలు దాటే పాటగా రికార్డు చేసింది. వెనక ఎలక్ట్రిక్ గిటార్లు, శాక్సఫోన్లు, ముందు ఏడువందల ఏళ్ల కథ, పాడే పద్ధతి జెలీలదే, వేగం తగ్గించలేదు, కుదించలేదు. ఆ గిటారు జెలిమాదీ తుంకారాది. ఇంటికెళ్లి హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఆయన గాయకుడి మాట పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, ఊపిరి తీసుకునే ఆ చిన్న సందులో ఎలా దూరతాడో.

ఒక విచిత్రం చెప్పి సలీఫ్ సంగతి ముగిస్తాను. ఆయనకి పెద్ద పేరు తెచ్చిన పాట మంజూ. అది ఎవరి గురించి? సెకూ తూరే గురించి, పొగడ్త. రాచవంశం పిల్లవాడు జెలి పని చేశాడు, అదీ ఒక నియంత కోసం. వినడానికి మాత్రం ఎంత బాగుంటుందంటే, అదీ ఇబ్బంది. తర్వాత పారిస్ వెళ్లాడు, 1987లో సోరో ఆల్బమ్ వచ్చింది, దాంతో ప్రపంచానికి తెలిశాడు. నాకు ఆ ఆల్బమ్‌లో సింథసైజర్లు కాస్త ఎక్కువయ్యాయనిపిస్తుంది. స్టేషన్ బారులో చెమట పట్టిన చొక్కా ఉంది, పారిస్‌లో ఇస్త్రీ అయింది. ఇది నా గొడవ, మీరు ఒప్పుకోనక్కర్లేదు. మోరీ కాంటే కూడా పారిస్ చేరాడు, అదే 1987లో యెకే యెకే వచ్చింది. జెలీల మాందింకా జాతివాళ్ల పాత పాటే, కింద డాన్స్ బీటు, మధ్యలో కోరా. యూరప్ డిస్కోల్లో మోగిపోయింది, పది లక్షలు దాటి అమ్ముడైంది. డిస్కోలో తెల్లవారుజాము రెండింటికి ఎగురుతున్న జర్మన్ కుర్రాళ్లకి తాము విన్నది 21 తీగల సొరకాయ బుర్ర అని తెలుసా? తెలియకపోయినా ఫరవాలేదులెండి, ఎగిరారు కదా.

ఇందాక టీ టైములో ఒకాయన మంచి ప్రశ్న అడిగారు. శ్రుతి సంగతేమిటి, వాళ్ల వాయిద్యం, పియానో ఒకే శ్రుతిలో ఉంటాయా అని. ఉండవండీ. అసలు తలనొప్పి అంతా అక్కడే. పాత బాలాఫోన్‌లో సప్తకాన్ని ఇంచుమించు ఏడు సమాన భాగాలు చేస్తారు. కీబోర్డులోనేమో పన్నెండు. రెండూ పక్కపక్కన వాయిస్తే కొన్ని స్వరాలు కలుస్తాయి, కొన్ని పళ్లు పులిసినట్టు ఉంటాయి. ఏం చేశారు? బాలాఫోన్ పలకల్ని చెక్కి కీబోర్డు శ్రుతికి తెచ్చారు. అర స్వరం తేడాతో రెండు బాలాఫోన్లు పక్కపక్కన పెట్టుకుని వాయించేవాళ్లూ ఉన్నారు. కోరా తీగల్ని పాత పద్ధతిలో తోలు ఉంగరాలతో కర్రకి బిగిస్తారు. పాట పాటకీ శ్రుతి మార్చాలంటే ప్రాణం పోతుంది. అందుకని చాలామంది గిటారు మరలు బిగించుకున్నారు. ఇంకో సంగతి, బాలాఫోన్ కింద వేలాడే సొరకాయ బుర్రలకి చిన్న కంత పెట్టి, దాని మీద సాలీడు గుడ్ల గూడు పొర అంటిస్తారు, వాయిస్తుంటే జుమ్‌మని ఒక గరగర వస్తుంది. మన సౌండ్ ఇంజినీర్లకి ఇస్తే ముందు దాన్నే తీసేస్తారు, నాయిజ్ అని. అక్కడ ఆ గరగర లేకపోతే స్వరం బతికి లేదన్నట్టే.

సెనెగల్ గురించి కొంచెమే చెబుతాను, టైము చూస్తున్నాను. డకార్‌లో 1970లో బావోబాబ్ అని ఒక క్లబ్బు, దానికో బ్యాండు, ఆర్కెస్ట్రా బావోబాబ్. గిటారిస్టు బార్తెలెమీ అతిసో టోగో నుంచి లా చదవడానికి వచ్చినవాడు, రాత్రిళ్లు గిటారు. బ్యాండు ఆగిపోయాక నిజంగానే టోగో వెళ్లి లాయరుగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు! 2001లో బ్యాండు మళ్లీ కలిసినప్పుడు తిరిగొచ్చి గిటారు పట్టుకున్నాడు. వాళ్ల పాటలు క్యూబా రుచి పోకుండా మెత్తగా సాగుతాయి. ఆ మెత్తదనాన్ని మూలకి నెట్టేసింది మ్బలాఖ్ అనే కొత్త కుర్రాళ్ల డాన్స్ సంగీతం. సబార్ డప్పులు దాని గుండె, ఒక చేత్తో, ఒక కర్రతో వాయిస్తారు. కర్ర దెబ్బ పదునుగా ఛట్‌మంటుంది, చేతి దెబ్బ గుమ్‌మంటుంది. యూసూ ఎన్‌దూర్, 1959లో డకార్ మెదీనా పేటలో పుట్టినవాడు, తల్లి వైపు గ్రియోలు, ఈయన బ్యాండు క్యూబా లయని పక్కన పెట్టి సబార్‌ని ముందుకి తెచ్చింది. డప్పుల్లో ఉన్న వరసల్ని గిటారుకీ కీబోర్డుకీ పంచింది. ఒక ముక్క వినిపిస్తాను, కాలితో తాళం వేయడానికి ప్రయత్నించండి. … చూశారా, తప్పిపోయారు. మొదటి దెబ్బ ఎక్కడుందో దొరకదు. అక్కడి పిల్లలకి దొరుకుతుంది, వాళ్లు పేరంటాల్లో, నామకరణాల్లో సబార్‌తోనే పెరిగారు. 1994లో నెనె చెర్రీ అనే గాయనితో ఆయన పాడిన పాట ప్రపంచమంతా మోగింది, 2012లో ఆయన సాంస్కృతిక మంత్రి కూడా అయ్యాడు, ఇదంతా మీరు ఫోన్లో చూసుకోవచ్చు. నాకు మాత్రం ఆ పెద్ద హిట్ కన్నా డకార్ జనం కోసం వేసిన కేసెట్లే ముద్దు.

నైజీరియా వదిలేశారేమిటని ముందు వరసలో అమ్మాయి సైగ చేస్తోంది. అక్కడి గాయకుడు ఫేలా కుటి గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలమ్మా, ఆయన కథలో సైన్యం ఉంది, 1977లో ఆయన ఇంటి మీద దాడి ఉంది, ఆయన తల్లి ఉంది, రెండు ముక్కల్లో చెబితే అన్యాయం. అక్కడిదే ఇంకో బ్యాండు నాయకుడు కింగ్ సన్నీ అడే గురించి మాత్రం ఒక్క మాట. ఆయన మాట్లాడే యోరుబా భాషలో స్వరం మారితే అర్థం మారుతుంది, అందుకని అక్కడి డప్పు నిజంగానే మాట్లాడుతుంది, చంకలో పెట్టుకుని తాళ్లు నొక్కుతూ స్థాయి పెంచి తగ్గిస్తుంటే సామెతలే పలుకుతాయి. సన్నీ అడే బ్యాండులో ఆ డప్పులు వరసగా ఉంటాయి, వాటి పక్కన పెడల్ స్టీల్ గిటారు, అమెరికాలో కౌబాయ్ పాటల్లో ఏడుస్తుందే, అదే వాయిద్యం. ఎందుకు పెట్టాడు? అది కూడా స్వరాన్ని సాగదీస్తుంది కాబట్టి. డప్పు పక్కన సరిగ్గా ఇమిడింది. 1982లో లండన్ కంపెనీ ఐలాండ్ ఆయన రికార్డు వేసి ప్రపంచమంతా తిప్పింది, జమైకా గాయకుడు బాబ్ మార్లీ తర్వాత ఈయనే అనుకున్నారు. మూడు ఆల్బమ్‌ల తర్వాత ఆ ఒప్పందం తెగిపోయింది. ఆయన తిరిగి లేగోస్ వెళ్లి, తెల్లవార్లూ సాగే పార్టీల్లో వాయించుకుంటూ, నుదుటి మీద నోట్లు అంటించే పెద్దమనుషుల్ని పేరు పేరునా పొగుడుతూ, అక్కడ రాజుగానే ఉన్నాడు.

ప్రశ్నలకి పోయే ముందు, ఈ బల్ల మీదికి చీటీ ఒకటి వచ్చింది. "ఇలా కలిపేస్తే సంప్రదాయం పోదా?" అని. తుమానీ ద్యాబాతే సంగతి చెబుతాను. 1965లో బమాకోలో పుట్టాడు, తరతరాలుగా కోరా కుటుంబం, 2024లో పోయాడు. 1988లో ఒంటరిగా కోరా ఒక్కటే వాయించి ఒక ఆల్బమ్ చేశాడు, గొంతు లేదు, తోడు లేదు. అదే ఏడాది స్పెయిన్ ఫ్లమెంకో బ్యాండు కెతామాతో కూర్చుని ఇంకో ఆల్బమ్ చేశాడు. ఆయన్ని అడిగితే ఈ రెంటిలో ఏది సంప్రదాయం, ఏది కాదు అని విడదీసేవాడని నాకనిపించదు. వేళ్లు అవే. కొడుకు సిదికీ కూడా కోరాయే నేర్చుకున్నాడు, తండ్రితో కలిసి 2014లో ఇద్దరే, రెండు కోరాలతో ఒక ఆల్బమ్ వేశారు. ఆ సిదికీయే బమాకోలో ర్యాప్ పాటలకి బీట్లు కట్టి, గొంతు శ్రుతిని యంత్రంతో సరిచేసే ఆటోట్యూన్ పెట్టి, కుర్రకారులో పెద్ద స్టార్ అయ్యాడు. ఆ ఆటోట్యూన్ నాకు అంతగా ఎక్కదు. మా అమ్మాయికి అదే ఇష్టం, తండ్రి రికార్డు పెడితే నిద్రొస్తోంది అంటుంది. సరే, ఆ నల్ల చొక్కా ఆయన ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు అటు ఇవ్వండి.